ఫీజు వద్దనండి, పేరు మాత్రం రాయించుకోండి

ప్రశ్న: అన్నగారూ, నమస్కారం. మాది కాకినాడ. పదకొండేళ్లుగా న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర ఉంటున్నాం. రెండేళ్ల కిందట ముగ్గురు స్నేహితులం కలిసి 21 అడుగుల పాత బోటు ఒకటి కొన్నాం. సీజన్లో శనివారాలు కీపోర్ట్ నుంచి రారిటన్ బేలోకి వెళ్లి ఫ్లూక్, స్ట్రైపర్ చేపలు పడుతుంటాం. ఉప్పునీటి వేటకి కూడా ఏడాదికింతని లైసెన్సు ఫీజు పెట్టాలన్న మాట మళ్లీ వినిపిస్తోందని మా క్లబ్బులో ఈ మధ్య ఒకటే చర్చ. వ్యతిరేకిస్తూ సంతకాలు తీసుకుంటున్నారు. పది పదిహేను డాలర్లకి ఇంత గొడవ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. మా బోటు భాగస్వామి ఒకతను నిరసనగా ఇప్పుడున్న ఉచిత రిజిస్ట్రేషన్ కూడా మానేద్దామంటున్నాడు. మేమింకా హెచ్-1బి మీదే ఉన్నాం, గ్రీన్ కార్డు కోసం క్యూలో. మనకెందుకీ తలనొప్పి అని మా ఆవిడ అంటోంది. వచ్చే నెల మా మావయ్యగారు వస్తున్నారు, ఆయన్నీ బోటు ఎక్కించాలని ఉంది. ఫోన్లో ఈ సంగతి చెప్తే "సముద్రానికి కూడా టికెట్టా!" అన్నారు. నేను సంతకం పెట్టాలా, వద్దా?

సమాధానం: మీ మావయ్యగారి మాటతోనే మొదలుపెడతాను. ఆ మాట 200 ఏళ్ల కిందట మీరు బోటు తిప్పే నీళ్లలోనే పుట్టింది. రారిటన్ నది బేలో కలిసే పెర్త్ ఆంబాయ్ దగ్గర ఆర్నాల్డ్ అనే రైతు తన పొలం ముందున్న నీళ్లలో ఆయిస్టర్లు, అంటే తినే ఆల్చిప్పలు నాటి, చుట్టూ కర్రలు పాతి, ఇది నాదన్నాడు. మండీ అనే ఆయన కొందరిని వెంటేసుకుని పడవల మీద వచ్చి ఆ ఆయిస్టర్లు తీసుకుపోయాడు. కావాలనే చేశాడు, తేల్చుకుందామని. కేసు న్యూజెర్సీ సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆటుపోట్లు వచ్చే నీళ్లు, వాటి అడుగున నేల, అందులో చేపా ఆయిస్టరూ ప్రజలందరి ఉమ్మడి ఆస్తి అని, రాష్ట్రం దాన్ని ప్రజల తరఫున కాపాడుతుందే తప్ప ఎవరికీ రాసిచ్చేయడానికి లేదని 1821లో ప్రధాన న్యాయమూర్తి కిర్క్‌పాట్రిక్ తీర్పు చెప్పారు. అమెరికా అంతటా తీరం మీద ప్రజల హక్కు గురించి వాదించేవాళ్లు ఈ రోజుకీ ఆ తీర్పు దగ్గరికే వెళ్తారు. మీ క్లబ్బులో పెద్దవాళ్లు ఫీజు మాట ఎత్తగానే అంత కోపంగా ఎందుకు మాట్లాడతారో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది. తాతల నాటి నుంచి ఉన్న హక్కుకి ధర కడుతున్నారని వాళ్ల బాధ. డబ్బు ఎంతన్నది వాళ్లకి తర్వాతి సంగతి.

అయితే అదే తీర్పులో, అందరి మేలు కోసం ఆ నీళ్ల మీద నియమాలు పెట్టే అధికారం రాష్ట్రానికి ఉందని కూడా ఉంది. ఈ సంగతి మీ మావయ్యగారికి నేను చెప్పనక్కర్లేదు. మన కోస్తాలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు ఒడ్డుకి చేరి ఉంటాయి. చేప గుడ్లు పెట్టే కాలమని, సముద్రమే బతుకైనవాళ్లు రెండు నెలలు వేట ఆపుకుంటారు. సముద్రం అందరిదైతేనే దానికి కట్టుబాట్లు కావాలి.

ఇప్పుడు మీ పది డాలర్ల సంగతి. మీకు అది లెక్కలోది కాదు, నిజమే. ఒక శనివారం మీ బోటు తాగే పెట్రోలుకి దానికి ఎన్నో రెట్లు అవుతుంది. కానీ కీపోర్ట్‌లో బోటు ఎక్కేముందు ఒడ్డు మీద ఒకసారి చూడండి. బకెట్టు బోర్లించి కూర్చుని, పాత రాడ్డుతో పోర్గీ చేపలు పట్టే పెద్దాయన ఉంటాడు. పక్కన భార్య, ఎదిగిన పిల్లలు ఇద్దరు. వాళ్లలో చాలామందికి అది సరదాతో పాటు రాత్రి కూర కూడా. మనిషికింతని పెడితే ఆ ఇంట్లో నలుగురికి నాలుగు ఫీజులు. మీరు ముగ్గురు మూడు కడతారు. కొత్తగా వచ్చినవాళ్లు, ఇంగ్లీషు సరిగా రానివాళ్లు ఆ ఒడ్డు మీదే ఎక్కువ కనిపిస్తారు. ఫీజుని వ్యతిరేకించే సభల్లో మాట్లాడేది మాత్రం ఎక్కువగా బోట్లున్నవాళ్లు. వాళ్ల మాటలో న్యాయం లేదనను. కానీ ఈ వాదనలో అసలు బరువు ఒడ్డు మీదున్నవాళ్లది. నేనైతే ముందు వాళ్ల కోసమే మాట్లాడతాను.

రెండో అభ్యంతరం, ఇప్పటికే కడుతున్నాం కదా అన్నది. ఇదీ నిజమే. బోటు రిజిస్ట్రేషన్‌కి, బోటు నీళ్లలోకి దించే ర్యాంపుకి మీరు డబ్బు కడుతూనే ఉన్నారు. మీరు కొనే రాడ్డు, రీలు, గాలం మీద తయారీదారు దగ్గరే 10 శాతం దాకా ఫెడరల్ పన్ను పడి, ఆ ధరే మీ దాకా వస్తుంది. 1950 నాటి చట్టం అది, డింగెల్-జాన్సన్ చట్టమంటారు. 1984లో బోట్లకి వాడే పెట్రోలు మీద పన్నును కూడా అందులో కలిపారు. ఆ డబ్బంతా రాష్ట్రాలకి పంచుతారు. 60 శాతం ఆ రాష్ట్రంలో డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్నవాళ్ల సంఖ్యని బట్టి, 40 శాతం విస్తీర్ణాన్ని బట్టి. ఏ రాష్ట్రానికీ 5 శాతం మించదు, 1 శాతానికి తగ్గదు.

ఫీజు కావాలనేవాళ్ల బలమైన వాదన ఇక్కడే ఉంది. డబ్బు కట్టినవాళ్లే లెక్కలోకి వస్తారు కాబట్టి ఉచితంగా పేరు రాయించుకున్నవాళ్ల వల్ల రాష్ట్రానికి ఆ వాటా పెరగదు. లైసెన్సు డబ్బుని చేపల శాఖ పనికి కాకుండా వేరే వాటికి మళ్లిస్తే ఫెడరల్ నిధులకే ముప్పు వస్తుంది, అందుకని ఆ డబ్బుకి కొంత కాపలా కూడా ఉంది. మంచినీటి వేటకి న్యూజెర్సీలో ఎప్పటినుంచో లైసెన్సు ఉంది, దాని డబ్బు వేరే నిధిలోకి వెళ్తుంది. వాగుల్లో వదిలే ట్రౌట్ పిల్లల రూపంలో అది కళ్లకి కనిపిస్తుంది కాబట్టి అక్కడ ఇంత గొడవ లేదు.

మరి భయమెందుకంటే, మళ్లించడం ఒక్కటే దారి కాదు. మీ ఫీజు డబ్బు పద్ధతిగా చేపల శాఖకే ఇచ్చి, ఎలాగూ ఆదాయం వచ్చింది కదా అని మామూలు బడ్జెట్ నుంచి ఇచ్చేదాన్ని అంతే తగ్గించేస్తే? కాగితం మీద ఏ తప్పూ ఉండదు. శాఖకి కొత్తగా ఒక్క ఉద్యోగీ రాడు, ఒక్క ర్యాంపూ బాగుపడదు. ఫీజు ప్రతిపాదన ఏది వచ్చినా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. ఇప్పుడిచ్చేదాన్ని తగ్గించబోమని చట్టంలోనే రాస్తారా? దీనికి జవాబు లేకుండా పది డాలర్లు అడిగితే వద్దనడం తప్పు కాదు.

పక్కనే న్యూయార్క్‌లో ఏమైందో చూడండి. 2009 అక్టోబరులో అక్కడ ఉప్పునీటి వేటకి ఏడాదికి 10 డాలర్ల లైసెన్సు పెట్టారు. లాంగ్ ఐలాండ్ తూర్పు కొసనున్న ఈస్ట్ హాంప్టన్, సౌతాంప్టన్, షెల్టర్ ఐలాండ్ లాంటి ఊళ్లు కోర్టుకెక్కాయి. వాళ్ల చేతిలో ఉన్నది 17వ శతాబ్దపు పత్రాలు. ఇంగ్లండ్ రాజు తరఫున వచ్చిన గవర్నర్ థామస్ డాంగన్ 1686లో ఈస్ట్ హాంప్టన్‌కి రాసిచ్చిన హక్కు పత్రంలో నేలతో పాటు నీళ్లూ వేటా కూడా ఊరివాళ్లవే అని ఉంది. అమెరికా అన్న దేశమే అప్పటికి లేదు. అది చూపించి, మా నీళ్లలో చేపకి మీరెవరు లైసెన్సు ఇవ్వడానికని అడిగారు. కోర్టు ఊళ్ల పక్షాన నిలిచింది. 2011లో రాష్ట్రం ఫీజు ఎత్తేసి ఉచిత నమోదు పెట్టింది. సంతకాలూ సభలూ వృథా అనుకునేవాళ్లకి ఈ కథ చెప్పాలి.

కానీ ఆ ఊళ్లవాళ్లు గెలిచాక కూడా నమోదు మాత్రం మిగిలింది. ఎందుకు మిగిలిందో మీ భాగస్వామికి మీరు కూర్చోబెట్టి చెప్పాలి. ఇదంతా రాసింది దానికోసమే.

సరదాకి చేపలు పట్టేవాళ్లు ఏడాదికి ఎన్ని పడుతున్నారో 2010కి ముందు ఎవరికీ సరిగ్గా తెలియదు. తీరం వెంబడి కౌంటీల్లో ఇళ్లకి తోచిన నంబరుకల్లా ఫోన్ చేసి, ఈ మధ్య వేటకి వెళ్లారా అని అడిగేవాళ్లు. వంద ఇళ్లకి చేస్తే వేటకెళ్లినవాళ్లు ఏ కొద్దిమందో దొరికేవాళ్లు. దూరం నుంచి కారేసుకుని వచ్చి పట్టుకుపోయేవాళ్లకి ఆ ఫోన్ వెళ్లేదే కాదు. ఆ లెక్కల మీద నమ్మకం పెట్టుకోలేమని ప్రభుత్వానికి సలహాలిచ్చే శాస్త్రవేత్తల సంస్థ నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2006లో తేల్చి చెప్పింది. వేటాడేవాళ్లందరి జాబితా ఒకటి ఉండాలన్నది. సముద్ర చేపల చట్టాన్ని సవరించి, 2007 జనవరిలో సంతకమైన కొత్త చట్టంలో జాతీయ నమోదు పెట్టారు. సొంత లైసెన్సో జాబితానో లేని రాష్ట్రాలవాళ్లు 2010లో ఉచితంగా ఫెడరల్ జాబితాలో చేరాలి, 2011 నుంచి దానికి 15 డాలర్లు. ఆ 15 డాలర్లు తప్పించడానికే న్యూజెర్సీ 2011లో సొంతంగా ఉచిత రిజిస్ట్రీ చట్టం చేసుకుంది. మన చుట్టుపక్కల చాలా రాష్ట్రాలు ఏదో ఒక ఫీజుకి ఒప్పుకున్నాక కూడా ఇక్కడ ఉచితంగా ఉందంటే, ఆ రోజుల్లో ఫీజు వద్దని పోరాడినవాళ్లు నమోదుకి ఒప్పుకున్నారు కాబట్టే.

ఆ రోజుల్లో నేనూ ఇక్కడే ఉన్నాను. ఫీజు వద్దన్న కాగితం మీద సంతకం పెట్టాను, దానికి ఇప్పటికీ విచారం లేదు. విచారం వేరే దానికి. ఆ ఏడాది వేసవిలో ర్యాంపు దగ్గర ఒక అమ్మాయి క్లిప్‌బోర్డు పట్టుకుని వచ్చి, ఏం పట్టారు, ఎన్ని గంటలు తిరిగారు, చేపలు కొలవచ్చా అని మర్యాదగా అడిగింది. ఫీజు కోపంలో ఉన్నాను, నీకెందుకమ్మా అని పంపేశాను. ఆ అమ్మాయి పోలీసూ కాదు, ఫీజు వసూలుకి వచ్చిందీ కాదు. ఆమె రాసుకునే ఆ నాలుగు అంకెల మీదే మరుసటేడు మనకి ఎన్ని ఫ్లూక్ అనేది ఆధారపడుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు అలాంటివాళ్లు కనిపిస్తే ఐస్‌బాక్స్ మూత నేనే తీసి చూపిస్తాను.

లెక్క తప్పితే ఏమవుతుందో చిన్న ఉదాహరణ. ఫోన్ సర్వే పోయి, ఇప్పుడు ఇళ్లకి పోస్టులో ప్రశ్నపత్రం వస్తుంది. గత రెండు నెలల్లో ఎన్నిసార్లు వేటకెళ్లారు, గత ఏడాదిలో ఎన్నిసార్లు అని అందులో ఉండేది. ఆ ప్రశ్నల వరుస మార్చి ప్రయోగం చేస్తే, ఒడ్డు మీద వేటా సొంత బోట్ల వేటా అంచనా 30 నుంచి 40 శాతం తగ్గిందని 2023లో ప్రభుత్వమే ప్రకటించింది. అంటే మనం తిరగని ట్రిప్పులు మన ఖాతాలో పడి ఉండొచ్చు. ఈ ప్రకటన తర్వాత క్లబ్బుల్లో కోపం పెరిగింది, న్యాయమే. కానీ ఆ కోపంతో జాబితాలోంచి తప్పుకుంటే లెక్క బాగుపడుతుందా? ఇంకా పాడవుతుంది. చెప్పేవాడు లేనప్పుడు ఊహించేవాడి మాటే నిలుస్తుంది. ఊహ ఎక్కువైతే కోత పడేది మన బ్యాగ్ లిమిట్ మీదే, అంటే మనిషి రోజుకి ఉంచుకోగల చేపల లెక్క మీదే. మీ భాగస్వామి నిరసన దెబ్బ ఫీజు పెట్టాలనుకునేవాళ్లకి తగలదు, మీ బోటుకే తగులుతుంది.

పైగా నమోదు లేకుండా వేటాడితే చట్టం తప్పినట్టే. మీ ఇంట్లో గ్రీన్ కార్డు టెన్షన్ ఉంది కాబట్టి గట్టిగా చెప్తున్నాను. రేపు పౌరసత్వానికి దరఖాస్తు చేసేటప్పుడు, ఎప్పుడైనా అధికారులు మీకు సైటేషన్ (తప్పు చేశారని రాసిచ్చే కాగితం) ఇచ్చారా అని అడుగుతారు. రెండు నిమిషాల ఉచిత పని మానేసి ఆ ప్రశ్న దగ్గర ఆలోచనలో పడాల్సిన అవసరం మీకు లేదు. ఇంకో మాట, మీరు అడగకపోయినా. అపార్ట్‌మెంట్‌లో వాళ్లు చేప బాగుందని డబ్బులిస్తామంటే తీసుకోవద్దు. సరదా వేటలో పట్టింది అమ్మకూడదు, అందులో మీరు హెచ్-1బి మీద ఉన్నవాళ్లు. ఊరికే ఇవ్వండి.

సంతకం విషయంలో మీ ఆవిడ భయాన్ని కొట్టిపారేయను. ఇప్పుడున్న వాతావరణంలో ప్రతి వీసా కుటుంబంలోనూ ఆ భయం ఉంది, దాన్ని పిరికితనం అనే హక్కు ఎవరికీ లేదు. ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కు ఈ దేశ రాజ్యాంగంలో పౌరులకే అని రాసి లేదు, ప్రజలకని రాసి ఉంది. చేపల ఫీజు మీద రాష్ట్ర ప్రతినిధికి రాయడం మామూలు పౌర వ్యవహారం. అయినా నేను లాయర్ని కాను. మనసులో పీకుతుంటే మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక మెయిల్ పెట్టి అడగండి. ఇద్దరూ కలిసి వద్దనుకుంటే మానేయండి, మీ క్లబ్బులో ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు.

పెట్టాలనుకుంటే, ముందు ఆ కాగితం ఆఖరి దాకా చదవండి. క్లబ్బుల కాగితాల్లో పై వాక్యం ఒకటి, కింది వాక్యం ఒకటి ఉంటాయి. "ఫీజు వద్దు, రిజిస్ట్రీ వద్దు, సర్వే వద్దు" అని ఉంటే పెట్టకండి. "ఉచిత నమోదు కొనసాగించాలి, ఫీజు వద్దు" అని ఉంటే నిశ్చింతగా పెట్టండి. నేనైతే పెడతాను.

కానీ సంతకం కంటే మీ మాటల్లో రాసిన పది లైన్ల ఉత్తరం ఎక్కువ పని చేస్తుంది. మీ జిల్లా అసెంబ్లీ సభ్యులకి, సెనేటర్‌కి రాయండి. అందులో మసాచుసెట్స్ సంగతి తప్పక చెప్పండి. అక్కడ 2011లో 10 డాలర్ల లైసెన్సు పెట్టారు. 60 ఏళ్లు దాటినవాళ్లకి ఉచితం. డబ్బు విడిగా ఒక నిధిలో పడుతుంది, అందులో మూడో వంతు ఒడ్డు నుంచి వేటాడే సామాన్యులకి దారులూ వంతెనలూ కట్టడానికే పోవాలి. మార్తాస్ వినయార్డ్ దీవిలో ఓక్ బ్లఫ్స్ అనే ఊళ్లో నీళ్ల మీదికి వంతెనలా కట్టిన ఫిషింగ్ పియర్ అలాంటి డబ్బుతో వచ్చిందే, ఎవరైనా వెళ్లి గాలం వేయొచ్చు. అలాగే మేరీల్యాండ్, వర్జీనియాల్లో బోటు మొత్తానికి ఒకే లైసెన్సు తీసుకునే వీలుంది, యజమాని కడితే ఎక్కినవాళ్లందరికీ అదే సరిపోతుంది. మన దగ్గర ఎప్పుడైనా ఫీజు తప్పదన్న రోజు వస్తే, మోటారు బోటు మీద పెట్టండి, ఒడ్డు మీద బకెట్టు మనిషి జోలికి పోకండి అని బోటున్న మీరే రాస్తే ఆ మాటకి విలువ వేరు. క్లబ్బులో కొందరికి ఇది నచ్చకపోవచ్చు. అయినా రాయండి.

ఇక మీ మావయ్యగారి ప్రయాణం. ఆయన చేతిలో రాడ్డు పెడితే ఆయన పేరూ రిజిస్ట్రీలో ఉండాలి. ఉప్పునీళ్లలో వేటాడే 16 ఏళ్లు నిండినవాళ్లకి, బయటి నుంచి వచ్చినవాళ్లకైనా, అదే నియమం. ఆన్‌లైన్లో చేయొచ్చు, డబ్బు అడగదు. ఎక్కడైనా కార్డు నంబరు అడిగితే అది ప్రభుత్వ సైటు కాదని గుర్తు. మీరు నవంబరులో చేసుకున్నా డిసెంబరు 31తో చెల్లిపోతుంది, ఏటా కొత్తగా చేయాలి. మీ బోటులో ఆయనకి కుదుపు పడదనుకుంటే అట్లాంటిక్ హైలాండ్స్ నుంచో బెల్మార్ నుంచో పార్టీ బోటు ఎక్కించండి. టికెట్టు కొని ఎక్కే అలాంటి బోట్లలో విడిగా నమోదు అక్కర్లేదు. స్ట్రైపర్ తగిలితే మనిషికి ఒకటే, అదీ 28 అంగుళాల నుంచి 31 అంగుళాల లోపు. ఎర గుచ్చి వేస్తే సర్కిల్ హుక్కే (కొస లోపలికి వంగిన గుండ్రటి గాలం) వాడాలి. ఈ కొలతలు ఏడాదికోసారి మారుతుంటాయి, బయల్దేరేముందు రాత్రి ఒకసారి చూసుకోండి. ఆయన మూడడుగుల చేప పట్టి తిరిగి నీళ్లలోకి వదలాల్సొస్తే బాధపడతారు. అంత పెద్దవి ఎక్కువగా గుడ్లు పెట్టే ఆడచేపలని చెప్పండి. వేట నిషేధం రోజుల్లో బోట్లు ఒడ్డుకి చేరడం ఏళ్ల తరబడి చూసిన మనిషికి ఆ ఒక్క మాట చాలు.